శ్రీహరికోటలో ఆగిన ఒక్క నిమిషం

నెలవంకను చూచుటకై మా నర్సీపట్నంలో మేడలెక్కే సాయంకాలాలలో పిల్లల కన్నులు అప్పుడప్పుడు చంద్రరేఖకన్న ముందు మరొకదానిని పట్టుకొంటాయి. నక్షత్రం వలె వెలుగుతూ, చప్పుడు లేక సాగిపోయే బిందువు అది. అట్టివానిలో కొన్ని ఉపగ్రహాలు, కొన్ని పని ముగిసిన రాకెట్ల చివరి దశలు. దొర్లుతూ పోయే దశ ఒకప్పుడు ప్రకాశించి, ఒకప్పుడు మసకబారుతుంది. మనకు ప్రొద్దు క్రుంకినను, కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున వానికింకా ఎండ తగులుచుండుట వల్లనే అవి సంధ్యవేళ కనిపిస్తాయి. తెలుగు పాఠం చెప్పే మాకు ఈ ప్రసంగమెందుకని విజ్ఞానశాస్త్ర శాఖలోని మిత్రులు నవ్వవచ్చును; కాని ప్రశ్న అడిగినవారు మా విద్యార్థులే.

ఈ వస్తువుల వేగం సెకనుకు సుమారు 7.5 కిలోమీటర్లు. మన ఊరి బస్సు విశాఖ చేరులోగా అవి భూమిని ఒక పర్యాయం చుట్టివస్తాయి. అంతటి వేగంలో చిన్న లోహపు ముక్కయైనను ఉపగ్రహాన్ని ఛేదింపగలదు. కనుక వాని జాడ తీయవలసి వచ్చినది. శ్రీహరికోటలో 2015 నాటికి సిద్ధమైన రాడారు ఒకేసారి 10 వస్తువులను వెంబడింపగలదు. పంపిన తరంగం తగిలి మరలివచ్చుటకు పట్టిన కాలాన్ని బట్టి దూరం, దాని పౌనఃపున్యంలో కలిగిన మార్పును బట్టి వేగం తెలుస్తాయి. పలుమార్లు చూచిన పిమ్మట కక్ష్య తేలుతుంది. అయితే అంత ఎత్తున సైతం పలుచని గాలి ఉన్నది. సూర్యుని ఉద్రేకం హెచ్చినప్పుడు ఆ గాలి ఉబ్బి శకలాల గమనాన్ని మార్చుతుంది. అందుచేత పోయిన వారం కట్టిన లెక్క ఈ వారానికి చెల్లదు, మరల చూడవలసినదే.

ఈ శకలాలన్నియు పరదేశీయులు విడిచినవే అనుకొనుట సుఖంగా ఉంటుంది గాని సత్యం కాదు. 2001 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి.–సి3 మూడు ఉపగ్రహాలను జయప్రదంగా కక్ష్యలో నిలిపినది. పత్రికలన్నియు కొనియాడినవి. రెండు నెలలైనను నిండకముందే, డిసెంబరు 19న, కక్ష్యలోనే మిగిలిన దాని నాలుగవ దశ ప్రేలి 300కు పైగా శకలాలైనది. ఆ దశలో వాడేవి ఒకదానినొకటి తాకినంతనే మండే రెండు ద్రవాలు. మిగిలిన ఇంధనాన్ని అట్లే ఉంచరాదని ఈ అనుభవం నేర్పినది. తదుపరి ప్రయోగాలలో, పని ముగియగానే దానిని బయటికి విడిచివేయు పద్ధతి వచ్చినది. ఆ ముక్కలలో అనేకం క్రమంగా వాతావరణంలో కాలిపోయినను, కొన్ని ఇరువది యేండ్లు దాటినను తిరుగుతూనే ఉండినవి.

2023 జూలై 30 ఉదయం అదే తీరాన పి.ఎస్.ఎల్.వి.–సి56 సిద్ధంగా నిలిచినది. 6 గంటల 30 నిమిషాలకు ఎగురవలసిన ఆ రాకెట్టు 6 గంటల 31 నిమిషాలకు ఎగిరినది. దాని మార్గానికి ఒక శకలం చేరువ కాగలదని లెక్క తేలుటయే కారణం. ఉపగ్రహాలను 535 కిలోమీటర్ల ఎత్తున విడిచిన పిమ్మట, దాని నాలుగవ దశను 300 కిలోమీటర్ల కక్ష్యకు దింపినారు. అచట గాలి నిరోధం హెచ్చు. శకలానికి ఆయువు తక్కువ.