ఒకే పూతకు మూడు పనులు

చిరంజీవి అమ్మడికి,

నీ పీహెచ్‌డీ టైటిల్ ఖాయమైందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు పంపిన సినాప్సిస్ కూడా చదివాను. స్ప్రే పైరాలిసిస్‌తో గాజు మీద జింక్ ఆక్సైడ్ ఫిల్మ్‌లు వేయాలి. వాటినే అమ్మోనియా సెన్సర్‌గానూ, అతినీలలోహిత కాంతి డిటెక్టర్‌గానూ, బ్యాక్టీరియాను అడ్డుకునే పూతగానూ చూపించాలి. "ఒక్కదానికే దిక్కు తోచడం లేదు, మూడు ఎక్కడ చేసేది మావయ్యా" అని అడిగావు. అవి మూడు వేర్వేరు సబ్జెక్టులనుకోబట్టి ఆ బెంగ పట్టుకుంది నీకు. నన్నడిగితే నీ థీసిస్ ఒక్కదాని గురించే: ఆ ఫిల్మ్ ఉపరితలం మీద అంటుకున్న ఆక్సిజన్ ఏం చేస్తోంది?

ఎలాగో చెబుతాను. జింక్ ఆక్సైడ్ ఎన్-రకం సెమీకండక్టర్. గాలిలో పెట్టగానే ఆక్సిజన్ దాని ఒంటికి అంటుకుని లోపలి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. ఉపరితలం కింద ఎలక్ట్రాన్లు కరువైన పొర ఒకటి ఏర్పడి, నిరోధం పెరుగుతుంది. అమ్మోనియా వచ్చి ఆ ఆక్సిజన్‌తో చర్య జరిపితే ఎలక్ట్రాన్లు వెనక్కి వస్తాయి, నిరోధం పడిపోతుంది. అది నీ సెన్సర్. అతినీలలోహిత కాంతి పడితే లోపల పుట్టిన హోల్స్ ఉపరితలానికి చేరి ఆ ఆక్సిజన్‌ను ఊడగొడతాయి, ఎలక్ట్రాన్లు మిగిలిపోయి కరెంటు పెరుగుతుంది. అది నీ డిటెక్టర్. అదే కాంతిలో ఆక్సిజన్‌తోనూ తేమతోనూ కలిసి చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టి బ్యాక్టీరియాను దెబ్బతీస్తాయి. అది నీ పూత, కొంతవరకు. గ్రెయిన్ సైజు నానోమీటర్లలోకి తగ్గినకొద్దీ ఉపరితలం వాటా పెరుగుతుంది కాబట్టే ఇదంతా నానో వాళ్ల చేతికి వచ్చింది.

మూడింటికీ మూలం ఒకటే అయినప్పుడు, ఒక కొలతలోకి ఇంకొకటి దొంగతనంగా దూరుతుంది. కిటికీ పక్కన పెట్టిన సెన్సర్‌కు మధ్యాహ్నం ఒక బేస్‌లైన్, సాయంత్రం ఇంకో బేస్‌లైన్ వస్తాయి. గ్యాస్ మారలేదు, ఎండ మారింది. అందుకే నీకు నేను చెప్పదలచిన సలహా ఒక్కటే: ప్రతి రీడింగుకూ ముందు, ఇదే రీడింగు ఇంకే కారణంతో రావచ్చో రాసుకో. ఆ కారణాన్ని కొట్టేసే బ్లాంక్ రన్ చేశాకే అసలు రన్ చెయ్యి.

ముందు ఫిల్మ్ సంగతి. గాజు ముక్కల్ని సబ్బు నీళ్లు, డిస్టిల్డ్ వాటర్, అసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వరసగా అల్ట్రాసోనిక్ బాత్‌లో కడిగి ఆరబెట్టాక నోటితో ఒకసారి ఆవిరి ఊది చూడు. ఆవిరి సమానంగా పట్టి సమానంగా ఆరితే గాజు శుభ్రమైనట్టు. మచ్చలుగా పడితే మళ్లీ కడగాలి. జింక్ అసిటేట్ ద్రావణం తెల్లగా పాలలా మారితే హైడ్రాక్సైడ్ దిగుతోందన్నమాట, రెండు చుక్కలు అసిటిక్ యాసిడ్ వేస్తే తేటపడుతుంది. హాట్ ప్లేట్ 400 డిగ్రీల దగ్గర ఉన్నా, స్ప్రే పడగానే గాజు చల్లబడుతుంది. కొంచెం కొట్టి, ఆగి, వేడి మళ్లీ పుంజుకున్నాక ఇంకొంచెం కొట్టాలి. తొందరపడితే ఫిల్మ్ పొడిపొడిగా, తెల్లగా వస్తుంది, టేపుతో ఊడివస్తుంది. బాగా వచ్చిన ఫిల్మ్‌ను లైటు కింద వాలుగా పట్టుకుని చూడు, ఊదా, పచ్చ రంగులు కనిపిస్తాయి. అవి మందాన్ని బట్టి వచ్చే ఇంటర్‌ఫెరెన్స్ రంగులు. ముక్కంతా ఒకే రంగుంటే మందం సమానంగా ఉంది. మధ్యలో ఒక రంగు, అంచుల్లో వలయాలు కనిపిస్తే నాజిల్ కోణం చూసుకో. ప్రొఫైలోమీటర్ దగ్గరికి వెళ్లేలోపు ఆ రంగులే నీకు సగం సంగతి చెప్పేస్తాయి.

ఎక్స్ఆర్‌డీలో 34.4 డిగ్రీల దగ్గర (002) శిఖరం కనిపించగానే షెరర్ సూత్రంలో పెట్టి "సైజు 22 నానోమీటర్లు" అని రాసేస్తారు చాలామంది. యంత్రం తనంతట తాను కలిపే వెడల్పును ప్రామాణిక నమూనాతో కొలిచి తీసేశాకే ఆ అంకెకు విలువ. పైగా ఆ సూత్రం ఇచ్చేది స్ఫటిక భాగం సైజు. ఎస్ఈఎంలో కనిపించే గ్రెయిన్‌లో అలాంటివి అనేకం ఉండొచ్చు. రెండు అంకెలూ కలవకపోతే కంగారుపడి బలవంతంగా కలపకు. ఇంకో మాట, మామూలు గాజులో సోడియం ఉంటుంది, వేడికి అది ఫిల్మ్‌లోకి ఎక్కుతుంది. విద్యుత్ కొలతలకు కొన్ని ముక్కలు క్వార్ట్జ్ మీద కూడా వేసి పోల్చుకో.

ఇక సెన్సర్. ఈ విద్యకు అరవై ఏళ్లు దాటాయి. జపాన్‌లో సెయియామా, ఆయన సహచరులు 1962లో జింక్ ఆక్సైడ్ ఫిల్మ్‌తోనే వాయువుల్ని పట్టుకోవచ్చని చూపారు. అక్కడే టాగుచి టిన్ ఆక్సైడ్‌తో ఇళ్లలో గ్యాస్ లీకును పసిగట్టే సెన్సర్ తయారుచేశాడు. కాబట్టి "జింక్ ఆక్సైడ్ అమ్మోనియాను గుర్తిస్తుంది" అన్న వాక్యంతో ఇవాళ ఎవరినీ ఆశ్చర్యపరచలేవు. మిగిలిన చిక్కు తేమ. నీ సెన్సర్ ఎక్కడ పనికొస్తుందో ఆలోచించు: భీమవరం, కాకినాడ వైపు రొయ్యల ప్లాంట్లు, ఐస్ ఫ్యాక్టరీల్లో చల్లదనానికి వాడేది అమ్మోనియానే. ఎనిమిది గంటల షిఫ్టుకు సాధారణంగా పెట్టే హద్దు 25 పీపీఎం. అక్కడి గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ఏసీ గదిలో పొడి గాలిలో గీసిన గ్రాఫు ఆ షెడ్డులో నిలబడుతుందా?

మీ ల్యాబ్‌లో చాంబర్‌లోకి అమ్మోనియా ఎలా పంపుతున్నారో కూడా చూసుకో. సీసాలోని 25 శాతం ద్రావణాన్ని సిరంజితో వేసి వేడిచేసే పద్ధతైతే, అమ్మోనియాతోపాటు అంతకంటే ఎక్కువ నీటి ఆవిరి కూడా లోపలికి వెళ్తోంది. నీ ఫిల్మ్ దేనికి స్పందించింది? అంతే పరిమాణం డిస్టిల్డ్ వాటర్ వేసి అదే రన్ చెయ్యి. రెండు వక్రరేఖలూ ఒకే పేజీలో గీయి. తేడా మిగిలితే అదే నీ ఫలితం. తర్వాత ఇథనాల్, అసిటోన్ ఆవిర్లకూ ఎంత స్పందిస్తోందో చూడు. ప్లాంటులో ఎవరో చేతులకు శానిటైజర్ రాసుకుంటే మోగే అలారాన్ని రెండో రోజే వైరు పీకి పక్కన పెట్టేస్తారు.

డిటెక్టర్ దగ్గర నిన్ను ఊరించేది పెద్ద అంకె. జింక్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ దాదాపు 3.37 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 368 నానోమీటర్లకు దిగువనున్న కాంతిని బాగా పీల్చుకుంటుంది. 365 నానోమీటర్ల ఎల్ఈడీతో కొలిచేటప్పుడు, పడిన ప్రతి ఫోటాన్‌కూ ఒక ఎలక్ట్రాన్ సర్క్యూట్‌లోకి వచ్చినా రెస్పాన్సివిటీ వాట్‌కు 0.29 యాంపియర్లే వస్తుంది. నీకు 20 వచ్చిందంటే గెయిన్ ఉన్నట్టు. హోల్స్ ఉపరితలం దగ్గర చిక్కుకుపోతే ఎలక్ట్రాన్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి. దానికి చెల్లించే మూల్యం నిదానం. లైటు ఆర్పాక ఆక్సిజన్ తిరిగి అంటుకునేదాకా కరెంటు దిగదు. కొన్ని ఫిల్మ్‌లలో నిమిషాలు, కొన్నింట్లో గంటలు పడుతుంది. కాబట్టి పెద్ద రెస్పాన్సివిటీ రాసిన వాక్యంలోనే పడిపోవడానికి పట్టిన సమయం కూడా రాయి. కొలతకు ముందు రాత్రంతా ఫిల్మ్‌ను చీకట్లో ఉంచు. అంతే పవరున్న ఎర్ర ఎల్ఈడీ వేసి చూడు. దానికీ కరెంటు పెరిగితే అది వేడి పనో, లోపాల పనో తేల్చుకోవాలి. పవర్‌ను ఎల్ఈడీ డేటా షీట్ నుంచి తీసుకోకు, నమూనా ఉన్న చోటే మీటర్ పెట్టి కొలువు.

బ్యాక్టీరియా అధ్యాయాన్ని ఫిజిక్స్ పిల్లలు చివరి ఆర్నెల్లకు వదిలేసి, పక్క కాలేజీ మైక్రోబయాలజీ వాళ్ల చేత ఒక ఫోటో తీయించుకుని ముగిస్తారు. నువ్వు అలా చెయ్యకు. అగార్ ప్లేటు మీద ఫిల్మ్ చుట్టూ ఏర్పడే ఖాళీ వలయాన్ని కొలవడం తేలికే. ఆ వలయం చెప్పేదేమిటంటే, ఫిల్మ్ లోంచి ఏదో కరిగి బయటికి పాకింది అని. జింక్ అయాన్లు కరిగి పోతుంటే బ్యాక్టీరియా చస్తుంది నిజమే, పూతా అరిగిపోతుంది. వలయం రానంత మాత్రాన పూత పనిచేయట్లేదనీ కాదు, తాకిన చోట మాత్రమే పనిచేస్తుండొచ్చు. ఉపరితలాల కోసం ఐఎస్ఓ 22196 అనే పద్ధతి ఉంది. బ్యాక్టీరియా ద్రవాన్ని నమూనా మీద వేసి, పైన పల్చటి ప్లాస్టిక్ కప్పి, 24 గంటల తర్వాత బతికినవాటిని లెక్కపెట్టి, పూత లేని ముక్కతో పోలుస్తారు. అదే చెయ్యి. చీకట్లో ఒకసారి, వెలుతురులో ఒకసారి, వెలుతురులో ఉత్త గాజు మీద ఇంకోసారి. వెలుతురులో మాత్రమే చచ్చిపోతే నీ ఆక్సిజన్ కథకు బలం. చీకట్లోనూ అంతే చచ్చిపోతే కడిగిన నీళ్లలో జింక్ ఎంతుందో ఐసీపీలో కొలిపించు. "99 శాతం" అన్న మాటకు మురిసిపోకు. లక్ష కణాల్లో వెయ్యి మిగిలాయని దాని అర్థం. అనువైన చోట ఈ.కోలి ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది.

మీ డిపార్ట్‌మెంట్‌లో అన్ని పరికరాలూ లేవని దిగులుపడ్డావు. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయి లాంటి చోట్ల బయటి విద్యార్థులకు నానో ల్యాబులు వాడుకోనిచ్చే ఐఎన్‌యూపీ పథకం ఉంది. దరఖాస్తులో "క్యారెక్టరైజేషన్ కోసం" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ ప్రశ్న తేలాలి, అందుకు ఏ కొలత కావాలి అని రాయి. మన హైదరాబాద్‌లో బాలాపూర్ దగ్గర ఏఆర్‌సీఐలో సోల్-జెల్ పూతలకు ప్రత్యేక కేంద్రమే ఉంది. పూత గాజు నుంచి ఫ్యాక్టరీదాకా ఎలా వెళ్తుందో తెలుసుకోవాలంటే ఒకసారి చూసి రా.

మీ గైడుగారు పేపర్ల కోసం తొందరపెడతారు, అది ఆయన ఉద్యోగం. ఎదురు మాట్లాడకు. ప్రతి గ్రాఫు పక్కనా దాని బ్లాంక్ గ్రాఫు పెట్టి చూపించు. రిఫరీ అడగబోయే ప్రశ్నకు ముందే జవాబు ఉందంటే ఆయనకూ నచ్చుతుంది. పై నెలలో నాకు రాసేటప్పుడు అందంగా వచ్చిన అమ్మోనియా వక్రరేఖ పంపకు, ఉత్త నీళ్లు వేసినప్పుడు వచ్చిన వక్రరేఖ పంపు. దాన్ని చూసి నీ సెన్సర్ ఎంతవరకు వచ్చిందో నేనే చెబుతాను.

యాసిడ్ దగ్గర గ్లోవ్స్ మరిచిపోకు. స్ప్రే చేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకో. వేళకు తిను.

ఇట్లు,
మీ మావయ్య