చదువు అప్పు తీర్చేదెలా? ఈలోగా బ్రతికేదెలా?

2016లో నాలుగు జిల్లాలుగా విడిపోయిన పాత ఆదిలాబాద్‌లో ఏ ఊరికి వెళ్ళినా, భైంసా కానివ్వండి, నిర్మల్ కానివ్వండి, బొగ్గు గనుల బెల్లంపల్లి కానివ్వండి, ముస్లిం కుటుంబాల్లో ఒక మాట తరచు వినిపిస్తుంది. "అబ్బాయి చదువు పూర్తయింది, బ్యాంకు వాయిదాలు మొదలయ్యాయి" అని. అప్పు పత్రం మీద కొడుకుతోపాటు తండ్రి సంతకం కూడా ఉంటుంది. కొడుకు హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగంలో చేరతాడు. మొదటి జీతం చేతికొస్తుంది. ఇక ఇక్కడి నుంచి రెండు దారులు చీలుతాయి.

ఒకతను ఖరీదైన ఫోను, బండి వాయిదాల మీద కొంటాడు. చదువు అప్పు మాటెత్తితే "చూద్దాంలే" అంటాడు. మరొకతను అప్పు తీరేదాకా తనకు బ్రతుకే లేదనుకుంటాడు. పండుగకు ఇంటికి రాడు, పెళ్ళయిన చెల్లెలి గుమ్మం తొక్కడు, సరిగా తినడు. ఈ ఇద్దరినీ మేము చూశాము. మొదటివాడిని అందరూ తప్పుపడతారు. రెండవవాడిని మాత్రం మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు మాకు సమ్మతం కాదు.

ముందుగా వడ్డీ సంగతి. వడ్డీని అల్లాహ్ నిషేధించాడు, ఇందులో రెండో మాట లేదు. గత్యంతరం లేని స్థితిలో చదువు కోసం ఇలాంటి అప్పు తీసుకోవచ్చునా అనే విషయంలో పండితులు వేర్వేరుగా చెప్పారు. ఇంకా అప్పు తీసుకోనివారు తమకు తెలిసిన ఆలిమ్‌ను అడిగి, ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్, బంధువుల వడ్డీలేని సాయం వంటి దారులన్నీ వెతికాకే అడుగు వేయాలి. హైదరాబాద్‌లో పుట్టిన ప్రసిద్ధ పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908-2002) అక్కడ నడిచిన వడ్డీలేని అప్పుల సంఘాల గురించి రాశారు. పది కుటుంబాలు కలిస్తే మన బస్తీలోనూ అలాంటిది నిలబడుతుంది. ఇది పక్కదారి మాటే అయినా చెప్పక తప్పలేదు.

కాని అప్పు ఇప్పటికే నెత్తిన ఉన్నవాడి సంగతేమిటి? అతను చేయాల్సింది పశ్చాత్తాపపడి అల్లాహ్‌ను క్షమాపణ వేడుకోవడం, ఆ వడ్డీ ఊబి నుంచి ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా బయటపడటం. కొందరు యువకులు "అది వడ్డీ బ్యాంకు కదా, ఎగ్గొడితే పాపమేమిటి?" అంటున్నారు. ఇది షైతాన్ నేర్పిన తర్కం. దైవప్రవక్త (స) హిజ్రత్ చేసిన రాత్రి ఆయన ప్రాణం తీయడానికి మక్కావాసులు ఇంటిని చుట్టుముట్టారు. అయినా వారి అమానతులు వారికి అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్ళారు. ఆయన పరమపదించేనాటికి ఆయన కవచం ఒక యూదుని వద్ద కుదువలో ఉంది, ఇంటివారి కోసం తెచ్చిన బార్లీ నిమిత్తం. అప్పిచ్చినవాడి మతం చూసి బాకీ రద్దు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. పైగా కొడుకు ఎగ్గొడితే సంతకం చేసిన తండ్రి ఆ వయసులో బ్యాంకు మెట్లెక్కాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్ళు అప్పు తీసుకున్నాడనుకోండి, వడ్డీ నూటికి ఏడాదికి పది. చదువు ముగిశాక మరో ఏడాదికి వాయిదాలు మొదలవుతాయి. అప్పటికి మొదటి లక్ష మీద ఐదేళ్ళ వడ్డీ 50 వేలు, రెండో లక్ష మీద 40, మూడో దాని మీద 30, నాలుగో దాని మీద 20 వేలు. అంటే ఒక్క పైసా కట్టకముందే నాలుగు లక్షలు ఐదు లక్షల 40 వేలవుతాయి. దీన్ని పదేళ్ళలో తీరిస్తే నెలకు సుమారు 7,136 రూపాయలు, మొత్తం 8 లక్షల 56 వేలు. ఐదేళ్ళలో తీరిస్తే నెలకు సుమారు 11,473, మొత్తం 6 లక్షల 88 వేలు. తేడా లక్షా 68 వేలు! ఒక ఆడపిల్ల డిగ్రీ చదువుకు సరిపోయే సొమ్ము వడ్డీ కింద పోతుంది.

కాబట్టి జీతం పాతిక వేలున్నవాడు మొదట వాయిదాను తక్కువగానే పెట్టుకుని, చేతిలో మిగిలినప్పుడల్లా, బోనస్ వచ్చినప్పుడల్లా అదనంగా కట్టాలి. దాన్ని అసలులో జమ చేయమని చెప్పి రసీదు తీసుకోవాలి. మారే వడ్డీ రేటు మీద వ్యక్తులకిచ్చిన అప్పును ముందుగా తీర్చితే జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు 2014లోనే ఆదేశించింది. ఇంకా చదువుతున్నవారికి మరో సంగతి: కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలలోపు ఉంటే, అర్హత గల వృత్తి, సాంకేతిక కోర్సుల వారికి చదువుకునే కాలానికీ, ఆపై ఏడాదికీ పడే వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009లో మొదలైంది. పై లెక్కలో లక్షా 40 వేలు దానితోనే తప్పిపోతాయి. ఆదాయ ధృవపత్రం పట్టుకుని వెళ్ళి మీరే అడగండి, మీ ఇంటికొచ్చి ఎవరూ చెప్పరు.

ఇక బ్రతుకు సంగతి. హజ్రత్ అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడుపుతుంటే, హజ్రత్ సల్మాన్ (రజి) ఆయన్ను ఆపి, నీ ప్రభువుకు నీ మీద హక్కున్నట్లే నీ దేహానికీ, నీ ఇల్లాలికీ హక్కుంది అని చెప్పారు. దైవప్రవక్త (స) ఆ మాట నిజమన్నారు. ఆరాధన కోసమే దేహాన్ని కాల్చుకోవద్దన్న ధర్మం, బ్యాంకు వాయిదా కోసం కాల్చుకోమంటుందా? చేతిని మెడకు కట్టేసుకోవద్దనీ, పూర్తిగా చాచి వదిలేయవద్దనీ ఖుర్ఆన్ బోధించింది. పండుగ రోజు ఆటలు చూడాలని హజ్రత్ ఆయిషా (రజి) కోరితే ఆయన (స) ఆమె కోసం నిలబడి చూపించారు. ఆ వినోదానికి ఖర్చెంతయింది?

మన జిల్లాలో అల్లాహ్ ఉచితంగా ఇచ్చినవి తక్కువేం లేవు. వానలు పడ్డాక ఇంటిల్లిపాదీ అన్నం మూటకట్టుకుని కుంటాల జలపాతానికి వెళ్ళి జుహర్ నమాజు అక్కడే చేసుకుని రావచ్చు. కడెం ప్రాజెక్టు గట్టు మీద సాయంత్రం కూర్చోవచ్చు. అప్పున్నవాడు నవ్వకూడదని ఎవరన్నారు? అతను మానుకోవాల్సింది కొత్త అప్పుతో కొనే సంతోషాన్ని. వాయిదా కట్టి, తల్లిదండ్రులకు పంపి, ఓ వెయ్యి రూపాయలైనా ప్రతినెలా తన ఆనందానికని విడిగా ఉంచుకున్నవాడు మధ్యలో విసిగిపోడు. అణచిపెట్టుకున్నవాడు రెండేళ్ళు గడిచాక ఒకేసారి తెగించి ఖర్చు చేయడం మేము చూశాము.

అన్నింటికన్నా మమ్మల్ని బాధించేది పెళ్ళిళ్ళ సమయంలో జరుగుతోంది. "అబ్బాయి చదువుకు ఆరు లక్షలు అప్పయింది, ఆ మాత్రం మీరు చూసుకోండి" అని అమ్మాయి తండ్రిని అడుగుతున్నారు. జోడే కీ రఖం అనే దురాచారానికి ఇది కొత్త వేషం. మహర్ ఇవ్వాల్సినవాడు తన బాకీని మామ నెత్తికెత్తుతున్నాడు. ఆ మామ కూడా ఎక్కడో వడ్డీకే తెస్తాడు కదా! అప్పు తీరేదాకా పెళ్ళి వాయిదా వేయాలని మేము అనడం లేదు. మస్జిదులో నిఖా, శక్తికొద్దీ వలీమా చేసుకుని, సంబంధం కుదిరేటప్పుడే "నాకింత అప్పుంది, ఇంకా ఇన్నేళ్ళు కట్టాలి" అని అమ్మాయివైపు వారికి చెప్పేస్తే చాలు. దాచిపెట్టి చేసుకున్న పెళ్ళిలో మొదటి ఏడాదే గొడవలు మొదలవుతాయి.

ఉద్యోగం పోయి నిజంగా కట్టలేని స్థితి వస్తే ముఖం చాటేయకండి. బ్యాంకుకు వెళ్ళి గడువు అడగండి. జకాత్ పొందే ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో చిక్కినవారు కూడా ఉన్నారు. అడగడానికి సిగ్గుపడే ఇలాంటి ఇళ్ళను మస్జిద్ కమిటీల పెద్దలు గుట్టుగా వెతకాలి.

ఒక జనాజా వచ్చినప్పుడు మృతునికి అప్పుందని తెలిసి దైవప్రవక్త (స) నమాజు చేయించకుండా ఆగారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ రెండు దీనార్లు తన బాధ్యత అన్నాకే ముందుకొచ్చారు. ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్ అప్పును రాసిపెట్టుకోవడం గురించినదే. ఈ రాత్రి ఒక కాగితం తీసుకోండి. అప్పు ఎంత, ఎంత కట్టారు, ఎంత మిగిలింది, ఏ బ్యాంకు, ఏ ఖాతా అన్నీ రాసి పెట్టండి. ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా చెప్పి పడుకోండి.