స్కిల్ ఫైలూ కోడే: ఏఐతో మాడ్యూళ్లు కట్టేవారు చేయవలసినవి - చేయకూడనివి

ఏఐ కోడింగ్ అసిస్టెంటుకు ప్రతిసారీ మొదటినుంచీ చెప్పుకోనక్కర్లేకుండా మన పద్ధతులన్నీ ఒకచోట రాసిపెట్టే ఏర్పాటే స్కిల్ ఫైలు. ఒక ఫోల్డరు, అందులో స్కిల్.ఎండీ అనే ఫైలు, అవసరమైతే పక్కనే కొన్ని స్క్రిప్టులు, నమూనాలు. ఆంత్రోపిక్ సంస్థ 2025 అక్టోబరులో క్లాడ్ కోసం దీన్ని తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఎవరైనా వాడుకోగల ఓపెన్ స్టాండర్డుగా విడుదల చేసింది.

ఓడూ ఈఆర్పీ మీద మాడ్యూళ్లు రాసే టీములకు ఇది బాగా పనికొస్తుంది. మ్యానిఫెస్టు, మోడళ్లు, వ్యూలు, యాక్సెస్ ఫైలు... ఏ మాడ్యూలుకైనా చట్రం దాదాపు ఒకటే. దాన్ని ఒకసారి సరిగ్గా రాసిపెడితే అసిస్టెంటు చకచకా కట్టుకుపోతుంది.

ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఇటుకల అచ్చులో పగులుంటే ప్రతి ఇటుకా ఆ పగులుతోనే వస్తుంది. ఒక మాడ్యూలులో తప్పు రాస్తే ఆ మాడ్యూలే చెడుతుంది. స్కిల్ ఫైలులో తప్పు రాస్తే ఆ తర్వాత కట్టే మాడ్యూళ్లన్నిటిలోకీ పాకుతుంది. కొత్తగా చేరిన ఇంజనీరైతే అనుమానం వచ్చినచోట ఆగి సీనియర్‌ను అడుగుతాడు. అసిస్టెంటు చాలాసార్లు అడగకుండానే అమలు చేస్తుంది. అందుకే ఓడూను ఉదాహరణగా తీసుకుని ఈ జాగ్రత్తలు రాస్తున్నాను. వేరే ప్లాట్‌ఫారం మీద పనిచేసేవారికీ ఇవే వర్తిస్తాయి.

చేయవలసినవి

1. వివరణ స్పష్టంగా రాయండి. పని మొదలైనప్పుడు అసిస్టెంటు ప్రతి స్కిల్ పేరు, వివరణ మాత్రమే చూస్తుంది. చేతిలో ఉన్న పనికి అది సరిపోతుందనిపిస్తేనే మిగతా ఫైలు తెరుస్తుంది. "ఓడూ పనులకు" అని వదిలేస్తే అక్కర్లేనిచోటా తెరుచుకుంటుంది, కావలసినచోట తెరుచుకోకపోనూ వచ్చు. "ఓడూ 18లో కొత్త మాడ్యూలు మొదలుపెట్టేటప్పుడు వాడాలి, పాత డేటా మార్పిడికి వాడకూడదు" అని హద్దు గీయండి. వివరణకు 1024 అక్షరాల వరకు చోటుంది.

2. వెర్షన్ తప్పకుండా రాయండి. ఓడూ 17లో వ్యూలలోని పాత యాట్రిబ్యూట్ పద్ధతి తీసేశారు. 18లో ట్రీ వ్యూ పేరు లిస్ట్‌గా మారింది. అసిస్టెంటు నేర్చుకున్న కోడులో పాత వెర్షన్లదీ చాలా ఉంటుంది. ఏ వెర్షనో చెప్పకపోతే పాతదీ కొత్తదీ కలిపి వండేస్తుంది. కొత్త వెర్షన్‌కు మారిన రోజే స్కిల్ ఫైలూ మార్చండి.

3. యాక్సెస్ హక్కుల సంగతి విడమరచి చెప్పండి. ఓడూ యాక్సెస్ ఫైలులో గ్రూపు గడి ఖాళీగా ఉంటే ఆ హక్కు అందరికీ వర్తిస్తుంది. మాడ్యూలు త్వరగా నడవాలన్న తొందరలో అసిస్టెంటు ఆ గడిని వదిలేయవచ్చు, లేదా చదవడం, రాయడం, తొలగించడం అన్నీ ఇచ్చేయవచ్చు. "ప్రతి వరుసకూ గ్రూపు ఉండాలి, తొలగించే హక్కు మేనేజర్ గ్రూపుకే" అన్నంత సూటిగా రాయండి. సుడో విషయంలోనూ ఇంతే. అది యాక్సెస్ హక్కులనూ రికార్డు రూళ్లనూ రెంటినీ దాటేస్తుంది. వాడిన ప్రతిచోటా ఎందుకు వాడారో కోడులోనే కామెంటు రాయమనండి. ఎస్క్యూఎల్ రాయాల్సివస్తే విలువలను స్ట్రింగులో అతికించకుండా పారామీటర్లుగానే పంపమనండి.

4. కారణం కూడా చెప్పండి. "ఇలా చేయవద్దు" అని ఊరుకుంటే ఆ ఒక్క సందర్భానికే పనికొస్తుంది. "ఇలా చేస్తే ఒక కంపెనీ బిల్లులు ఇంకో కంపెనీ యూజరుకు కనబడతాయి" అని చెబితే మీరు ఊహించని సందర్భంలోనూ అసిస్టెంటు సరైన దారి పట్టే అవకాశం పెరుగుతుంది.

5. ఫైలు చిన్నదిగా ఉంచండి. 500 వరుసలు దాటనివ్వవద్దని దీన్ని తయారుచేసినవారే సూచించారు. రిపోర్టులకూ వెబ్ కంట్రోలర్లకూ సంబంధించిన వివరాలు పక్క ఫైళ్లలో పెట్టి, ఎప్పుడు ఏది తెరవాలో ప్రధాన ఫైలులో ఒక వాక్యం రాయండి.

6. గిట్‌లో పెట్టి, ఇంకొకరు చూశాకే కలపండి. స్కిల్ ఫైలులో ఒక్క వాక్యం మారినా పుల్ రిక్వెస్టు ఉండాలి. మార్చాక అదే పనిని కొత్త సంభాషణలో మళ్లీ చేయించి, వచ్చిన మాడ్యూలును ఖాళీ డేటాబేసులో ఇన్‌స్టాల్ చేసి, టెస్టులు నడిపి చూడండి. అడ్మిన్‌గా లాగిన్ అయి చూస్తే సరిపోదు. అతి తక్కువ హక్కులున్న యూజరుగా కూడా లాగినై, చూడకూడనివి కనబడుతున్నాయేమో పరీక్షించండి.

చేయకూడనివి

1. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు, కస్టమర్ల వివరాలు స్కిల్ ఫైలులో పెట్టవద్దు. ఉదాహరణ కోసమైనా నిజమైన పేర్లు, ఫోన్ నంబర్లు, జీఎస్టీ బిల్లులు వద్దు. ఆ ఫైలు టీములో అందరి కంప్యూటర్లలోకీ వెళుతుంది, గిట్ చరిత్రలో నిలిచిపోతుంది, క్లౌడులో నడిచే మోడల్‌కు పనిలో భాగంగా చేరుతుంది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రతా ఏర్పాట్లు చేయకపోతే రూ. 250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, అవి మనల్ని నమ్మి ఇచ్చిన మనుషుల వివరాలు.

2. ఇంటర్నెట్‌లో దొరికిన స్కిల్‌ను చదవకుండా దించుకోవద్దు. స్కిల్‌తోపాటు వచ్చే స్క్రిప్టు మీ కంప్యూటర్‌లో, మీ హక్కులతోనే నడుస్తుంది. అది ఏ ఫైళ్లు చదువుతోంది, ఏ చిరునామాకు ఏం పంపుతోంది, ఏ ప్యాకేజీలు దించుతోంది, వరుస వరుసా చూడండి. "ఫలానా లింకులో ఉన్న సూచనలు చదివి పాటించు" అని ఉంటే మరీ జాగ్రత్త. ఇవాళ అక్కడున్నది రేపు మారిపోవచ్చు.

3. కంటికి కనబడిందే మొత్తం అనుకోవద్దు. కర్సర్, గిట్‌హబ్ కోపైలట్ వాడే రూల్స్ ఫైళ్లలో కనిపించని యూనికోడ్ అక్షరాలతో దొంగ ఆదేశాలు దాచవచ్చని పిల్లర్ సెక్యూరిటీ సంస్థ 2025 మార్చిలో చూపించింది. మనిషికి మామూలు వాక్యంలా కనిపించేది మోడల్‌కు ఇంకోలా చేరుతుంది. అలాంటి అక్షరాలను పట్టే తనిఖీ పెట్టుకోండి. తెలుగులో 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో పొల్లు నిలవడానికి వాడేదీ కనిపించని అక్షరమే. కాబట్టి తనిఖీ చూపించిన ప్రతిదీ మోసం కాదు. ఎక్కడుందో, ఎందుకుందో చూసి తేల్చుకోండి.

4. రాసిన మాటను తాళం అనుకోవద్దు. "ప్రొడక్షన్ డేటాబేసు ముట్టుకోవద్దు" అని స్కిల్‌లో రాయడం మంచిదే, కానీ అది చాలదు. 2025 జులైలో రెప్లిట్ ఏఐ ఏజెంటు, మార్పులేవీ చేయవద్దని చెప్పి ఉన్నా, జేసన్ లెమ్కిన్ అనే వ్యాపారవేత్త ప్రాజెక్టులోని ప్రొడక్షన్ డేటాబేసును తుడిచేసింది. ముట్టుకోకూడనిదాని తాళంచెవి అసిస్టెంటు చేతికి అందకూడదు. డెవలప్‌మెంట్ కంప్యూటర్ నుంచి ప్రొడక్షన్‌కు దారి లేకుండా చేయండి. ఏ కమాండ్లు నడపకూడదో టూల్ సెట్టింగుల్లోనే నిషేధించండి.

5. చదివే సమాచారాన్ని ఆదేశంగా తీసుకోనివ్వవద్దు. కస్టమర్ పంపిన టికెట్టు, ఈమెయిలు, ఎక్కడిదో ఒక రీడ్‌మీ... వీటిలో ఎవరైనా ఆదేశాలు చొప్పించవచ్చు. దీనికి 2022లో సైమన్ విల్లిసన్ అనే ప్రోగ్రామర్ పెట్టిన ప్రాంప్ట్ ఇంజెక్షన్ అన్న పేరే స్థిరపడింది. రహస్య డేటా, బయటివారి రాతలు, బయటకు పంపే దారి, ఈ మూడూ ఒకే అసిస్టెంటు చేతిలో కలిస్తే డేటా దొంగతనానికి దారి తెరిచినట్టేనని ఆయన 2025లో హెచ్చరించారు. మూడింటిలో కనీసం ఒకటి తీసేయండి.

6. అసిస్టెంటు చెప్పిన ప్యాకేజీ పేరును గుడ్డిగా ఇన్‌స్టాల్ చేయనివ్వవద్దు. లేని పేర్లను మోడళ్లు కల్పిస్తుంటాయి. ఆ పేరుతోనే ఎవరో హానికరమైన ప్యాకేజీ పెట్టి కాచుకుని ఉండవచ్చు. వాడదగిన ప్యాకేజీల జాబితా, వాటి వెర్షన్లు స్కిల్‌లో రాయండి. అందులో లేనిదేదైనా కావాలంటే మనిషి ఒప్పుకున్నాకే.

పొరపాటు జరిగిపోతే

కీ బయటపడిందని తెలియగానే మొదట దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోండి. ఫైలులోంచి తుడిచేయడం ఆ తర్వాత సంగతి, ఎందుకంటే గిట్ చరిత్రలో అది ఇంకా ఉంటుంది. తప్పు సూచన దొరికితే స్కిల్‌ను సరిచేసి ఊరుకోవద్దు. ఆ తప్పు ఏ తేదీన చేరిందో చూసి, అప్పటినుంచి ఆ స్కిల్‌తో కట్టిన మాడ్యూళ్లన్నిటినీ వెతికి సరిచేయండి. ఇది సాధ్యం కావాలంటే ఏ మాడ్యూలు ఏ స్కిల్ ఏ వెర్షన్‌తో తయారైందో కమిట్ సందేశంలో రాసే అలవాటు ముందునుంచీ ఉండాలి. జరిగినది దాచకుండా టీముకు, అవసరమైతే కస్టమరుకు చెప్పండి.

అసిస్టెంటు రాసినా, మాడ్యూలు వెళ్లేది మన పేరుతోనే. దాని మీద జీతాల లెక్కలు, ఆసుపత్రి స్టాకు, చిన్న వ్యాపారి బాకీల చిట్టా నడుస్తాయి. లెక్క తప్పితే నష్టపోయేది వారు. ఈ వారమే ఒక గంట కేటాయించి మీ ప్రాజెక్టులోని స్కిల్ ఫైళ్లన్నీ తెరవండి. ఎవరు రాశారో తెలియనివాటినీ, ఎవరూ వాడనివాటినీ తీసేయండి. మిగిలిన ప్రతిదానికీ ఒక బాధ్యుడి పేరు, మళ్లీ పరిశీలించాల్సిన తేదీ రాయండి.