నేల ఉసిరిని తిప్పి చూడండి

వానలు పడ్డ కొద్ది రోజులకే మన జగిత్యాల, కోరుట్ల పసుపు చేన్లలో, మక్క చేన్లలో, సిరిసిల్ల దిక్కు పొలం గట్ల మీద, ఆఖరికి హాస్టల్ గోడ పక్కన కూడా జానెడు మొక్క ఒకటి లేస్తుంది. చింతాకు లాంటి సన్నని ఆకులు, కొమ్మ కింద ఆవగింజ కన్నా కొంచెం పెద్ద కాయలు. ఎవరినడిగినా "నేల ఉసిరి" అంటారు. ఎవరికైనా పసిరికలు, అంటే కామెర్లు, వచ్చాయంటే ముందు గుర్తొచ్చేదీ ఇదే. కానీ ఆ ఒక్క పేరు కింద చాలా జాతులు తిరుగుతున్నాయి.

వీటన్నింటి ప్రజాతి పేరు ఫిల్లాంథస్. 1753లో లిన్నేయస్ గ్రంథానికెక్కించిన పేరు ఇది. గ్రీకులో ఫిల్లోన్ అంటే ఆకు, ఆంథోస్ అంటే పువ్వు. మనం పచ్చడి పెట్టుకునే పెద్ద ఉసిరి కూడా ఇదే ప్రజాతి, ఫిల్లాంథస్ ఎంబ్లికా. అన్న చెట్టంత, తమ్ముళ్లు జానెడంత! తమ్ముళ్లలో ఎక్కువ ఏకవార్షికాలు. ఒక్క సీజన్‌లోనే మొలిచి, పూసి, గింజలు రాల్చి పోతాయి.

ముందు ఆకు సంగతి. చింతలో ఈనెకు రెండు పక్కలా ఉన్నవి ఒకే ఆకు ముక్కలు. ఆ ముక్కల మొదట్లో మొగ్గ రాదు. నేల ఉసిరి రెమ్మను వెనక్కి తిప్పండి. చిన్న ఆకుల మొదట్లో పువ్వో కాయో వేలాడుతుంటుంది. అంటే మనం ఆకు అనుకున్నది నిజానికి చిన్న కొమ్మ, దాని మీదివి విడివిడి ఆకులు.

ఇక జాతిని గుర్తుపట్టడం. మన భాషలో చెప్పాలంటే మూడు ఇఫ్-ఎల్స్‌లు.

1. నిట్టనిలువు కాండం మీద కూడా మామూలు ఆకులున్నాయా? ఆకు మొదట్లో సన్నగా, కొసకు వెడల్పుగా ఉందా? అయితే అది ఫిల్లాంథస్ మదరాస్పటెన్సిస్ కావచ్చు. "మదరాసుకు చెందినది" అని ఆ పేరుకు అర్థం. కాండం మీద పొలుసులే ఉండి, ఆకులు పక్క కొమ్మలకే ఉంటే రెండో ప్రశ్నకు వెళ్లండి.

2. కాయ ఎలా ఉంది? గరుకుగా, కాడ దాదాపు లేకుండా కొమ్మకు అంటుకుని ఉంటే ఫిల్లాంథస్ యూరినేరియా. నున్నగా, చిన్న కాడతో ఉంటే ఫిల్లాంథస్ అమారస్ కావచ్చు.

3. పువ్వు రేకులెన్ని? ఫోన్‌లో మాక్రో మోడ్ పెట్టి లెక్కపెట్టండి. అమారస్‌కు 5. దాన్ని బాగా పోలి ఉండే ఫిల్లాంథస్ డెబిలిస్‌కు 6. అమారస్‌లో మగ పువ్వు, ఆడ పువ్వు ఒకే ఆకు మొదట్లో జంటగా కూడా కనిపిస్తాయి.

ఇంత లెక్క ఎందుకంటారా? మన పుస్తకాల్లో ఈ మొక్కను చాలాకాలం ఫిల్లాంథస్ నిరూరి అనే రాశారు. అసలు నిరూరి అమెరికా ఖండాల మొక్క అని 1950లలో గ్రేడీ వెబ్‌స్టర్ తేల్చాడు. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో దక్షిణ భారతంలోని అంగళ్లలో అమ్మే ఎండు నేల ఉసిరిని పరీక్షిస్తే ఆరు జాతులు బయటపడ్డాయి. పొట్లం మీద పేరు ఒకటే, లోపల మొక్కలు వేరు.

మరి మందు సంగతి? 1988లో లాన్సెట్ పత్రికలో మద్రాసు పరిశోధకులు, నోబెల్ గ్రహీత బ్లంబర్గ్ కలిసి ఒక ఫలితం ప్రకటించారు. అమారస్ తీసుకున్న 37 మంది హెపటైటిస్ బి రోగుల్లో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయింది. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాతి ప్రయోగాల్లో అదే ఫలితం నిలబడలేదు. 2011లో కాక్రేన్ సమీక్ష కూడా నమ్మదగ్గ ఆధారం లేదనే చెప్పింది.

"మా తాతకు పసరుతోనే తగ్గింది" అంటారు. తగ్గే ఉంటుంది. కలుషిత నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రం పసరుకొస్తుంది. కామెర్లు ఒక లక్షణం. దాని వెనక హెపటైటిస్ బి ఉండొచ్చు, పిత్తాశయంలో రాయి ఉండొచ్చు. పసరు తాగుతూ కూర్చుంటే పోయేది విలువైన టైమ్.

అందుకే రూమ్మేట్ కళ్లు పచ్చబడితే రక్తపరీక్షకు తీసుకెళ్లండి. నేల ఉసిరిని చేను గట్టు మీద, చేతిలో లెన్స్‌తో కలవండి. చూడదగ్గ మొక్క అది.