కాలు చెప్పే మాట

తెల్లారి 5 గంటలయింది. ఊరి బయట తారు రోడ్డు మీద ఒక కుర్రవాడు పరుగెత్తుతున్నాడు. పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. ఆ ఉద్యోగానికి మగపిల్లలు 1600 మీటర్లు పరుగెత్తి చూపాలి. అతనికి తండ్రి లేడు. తల్లి కూలికి పోతుంది. ఇంటి ఆశంతా ఆ పరుగు మీదే ఉంది.

మొదట్లో రోజుకి 2 కిలోమీటర్లు పరుగెత్తేవాడు. పరీక్ష దగ్గర పడింది. ఒక్కసారిగా 6 కిలోమీటర్లు మొదలుపెట్టాడు. మూడు వారాలు గడిచాయి. మోకాలి కింద, ముందు ఎముక దగ్గర నొప్పి పుట్టింది.

"దిష్టి తగిలింది" అంది నాయనమ్మ. పక్కింటాయన నూనె రాసి గట్టిగా మర్దన చేశాడు. నొప్పి ఎక్కువయింది. కుర్రవాడు మందుల షాపులో బిళ్లలు కొన్నాడు. బిళ్ల వేసుకుంటే నొప్పి తెలియలేదు. మళ్లీ పరుగెత్తాడు. వారం తిరక్కుండానే కుంటుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఆసుపత్రికి పోదాం రా నాయనా" అంది తల్లి.

"డాక్టరేం చేస్తాడమ్మా? పరుగు మానెయ్యమంటాడు. అంతేగా!"

"ఎందుకు మానాలో అడుగుదాం పద" అంది తల్లి.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు కాలంతా వేలితో నొక్కి చూశాడు. ఒక్కచోట నొక్కగానే కుర్రవాడు "అబ్బా!" అని అరిచాడు. ఎక్స్‌రే తీశారు. అందులో ఏమీ కనపడలేదు. కుర్రవాడు సంతోషపడ్డాడు.

"తొందరపడకు. ఎముకలో వెంట్రుకంత బీట పడితే మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. పరుగు ఆపు. రెండు వారాలయ్యాక మళ్లీ రా" అన్నాడు డాక్టరు.

రెండోసారి ఎక్స్‌రేలో బీట కనపడింది.

"ఒక సూది వెయ్యండి సార్. పరీక్ష అయిపోతే చాలు" అని బతిమాలాడు కుర్రవాడు.

"సూది నొప్పిని దాస్తుంది. బీటను అతికించదు. ఇలాగే పరుగెత్తితే ఎముక పూర్తిగా విరగవచ్చు. దానంతట అదే అతుక్కుంటుంది. 6 నుంచి 8 వారాలు పడుతుంది. జబ్బేమిటో నేను చెప్పగలను. ఓపిక పట్టాల్సింది నువ్వే" అన్నాడు డాక్టరు.

ఆ ఏడు పరీక్ష పోయింది. కుర్రవాడు ఏడ్చాడు. తల్లి కళ్లు కూడా చెమర్చాయి. "ఉద్యోగాలు మళ్లీ పడతాయిలే నాయనా. కాలు బాగుంటే చాలు" అంది.

నొప్పి పూర్తిగా పోయాక డాక్టరు సరేనన్నాడు. కుర్రవాడు మొదట నడిచాడు. తర్వాత కొద్దికొద్దిగా పరుగు పెంచాడు. ఇప్పుడు కాలు నొప్పి లేదు. మళ్లీ ప్రకటన ఎప్పుడు పడుతుందా అని ఎదురు చూస్తున్నాడు.

తెలుసుకుందాం

పరుగెత్తితే కండరాలు నొప్పి పెట్టడం మామూలే. రెండు మూడు రోజులు విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. వాపు ఉంటే ఐసుముక్క గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టాలి.

ఈ గుర్తులుంటే మాత్రం డాక్టరు దగ్గరకు వెళ్లాలి:

1. కాలు నేల మీద మోపలేకపోవడం.
2. ఎముక మీద ఒక్కచోటే నొక్కితే నొప్పి.
3. విశ్రాంతిలో ఉన్నా, రాత్రి పడుకున్నా నొప్పి.
4. వాపు తగ్గకపోవడం, తిమ్మిరి.

ఆలోచించండి

కుర్రవాడి నొప్పి ఎందుకు ముదిరింది?
డాక్టరు చేసిన పనేమిటి? కుర్రవాడు చేయాల్సిన పనేమిటి?
మీ ఊళ్లో పరుగు నేర్చుకునే పిల్లలున్నారా? ఈ పాఠం వారికి చదివి వినిపించండి.