ఉద్యోగి హోదా తగ్గించేముందు

ఉద్యోగిని పై పని నుంచి కింది పనికి మార్చడం పాలకవర్గానికి ఒక్క తీర్మానంతో అయిపోయే పని. ఉద్యోగికి మాత్రం అది జీతానికి, ఊళ్ళో పరువుకు సంబంధించిన విషయం. అందుచేత తీర్మానానికి ముందు చేయవలసినవేమిటో తెలుసుకుందాం.

రాయవరం వంటి గ్రామంలో ఒక పాల సంఘం ఉన్నదనుకుందాం. టెస్టరు వెన్నశాతం తక్కువ చూపుతున్నాడని సభ్యులు ఫిర్యాదు చేశారు. అతన్ని పాలు కొలిచే పనికి దించాలని కొందరు డైరెక్టర్లు అన్నారు. అసలు లోపం ఎక్కడున్నది?

నమూనా తీసేముందు పాలు బాగా కలపకపోతే వెన్న పైకి తేలి రీడింగు మారుతుంది. గెర్బరు పరీక్షలో ఆమ్లం 10 మిల్లీలీటర్లు, పాలు 10.75, అమైల్ ఆల్కహాలు 1 మిల్లీలీటరు ఉండాలి. సుమారు 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో రీడింగు చూడాలి. కాబట్టి ఒకే నమూనాను టెస్టరు, సూపర్వైజరు ఎదురెదురుగా పరీక్షించాలి. పరికరం చెడితే బాగుచేయించాలి. పని తెలియకపోతే శిక్షణ ఇవ్వాలి. కావాలని చేశాడని అనుమానం కలిగినప్పుడే క్రమశిక్షణ చర్య ఆలోచించాలి.

అప్పుడు పాటించవలసిన వరుస ఇది:

1. ఆరోపణలను తేదీలతో సహా రాసి ఇచ్చి, జవాబుకు తగిన గడువు ఇవ్వాలి.

2. ఫిర్యాదు చేసినవారే విచారణ జరపరాదు. ఉద్యోగి తన సాక్షులను చూపుకోనివ్వాలి.

3. విచారణ వేరొకరు జరిపితే, నిర్ణయానికి ముందే నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇవ్వాలి. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలన్నింటికీ ఇది వర్తిస్తుందన్నది.

4. ఎంతవరకు దించవచ్చు? నేరుగా ఒక ఉద్యోగంలో చేరినవారిని, తామెన్నడూ చేయని దిగువ ఉద్యోగానికి దించరాదని 1988లో న్యాదర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అది ప్రభుత్వోద్యోగుల కేసే అయినా, మన సంఘాలకూ మంచి దారి చూపుతుంది. పై ఉదాహరణలో టెస్టరు పాలు కొలిచే పని నుంచి ప్రమోషను పొందినవాడైతే వెనక్కి పంపడం ఆలోచించవచ్చు. మొదటినుంచీ టెస్టరుగానే చేరినవాడైతే ఆ డైరెక్టర్ల సలహా సరికాదు. తప్పుకు తగిన వేరే శిక్ష చూడాలి.

5. ఉత్తర్వులో కారణం, కొత్త జీతం, ఎంతకాలం, ఎవరికి అప్పీలు చేసుకోవాలి అన్నవి స్పష్టంగా ఉండాలి.

ఉత్తర్వును కార్యాలయంలో విడిగా ఇవ్వాలి. పాలు పోసే వేళ అందరి ముందూ చదవరాదు. మర్నాడు అతడే మన కేంద్రంలో పనిచేయాలి గదా! తీర్మానం రాసేముందు సంఘం బైలాలను, సేవా నిబంధనలను తప్పక చూసుకోవలసిందిగా పాలకవర్గాలను కోరుతున్నాము.