ఏనుగుల వీరాస్వామయ్య గారి దారి

కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అని వెనకటి పెద్దలు అనేవారు. వీరాస్వామయ్య గారు మాత్రం పోయి వచ్చారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. దుబాసీ అంటే ఒకరి మాటను ఇంకొకరి భాషలో చెప్పేవాడు. 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు.

ఆయన ఏ దారిన పోయారో మనకెట్ల తెలుసు? ఏ రోజు ఏ ఊర్లో దిగిందీ రాసి, స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు పంపేవారు. ఆ రాతలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినవి. పుస్తకం, మ్యాపు పక్కపక్కన పెట్టుకుంటే దారి దొరుకుతుంది: కడప, శ్రీశైలం, హైదరాబాదు, నిర్మల్, నాగపూర్, ప్రయాగ, కాశి. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, పూరీ మీదుగా వచ్చారు.

ఆయన పల్లకీ మోసిన బోయీలు కూడా ఆ దారే నడిచారు. వాళ్ళు రాసిన పుస్తకం మాత్రం మనకు లేదు. రాయనిది పోతుంది.

దమ్మాయిగూడ నుంచి నాచారం దాటిపోతే తార్నాకలో సర్కారు పాత కాగితాలు దాచే ఆఫీసు ఉంది. మన అవ్వ, తాత సంతకు, కూలికి, జాతరకు నడిచిన దారి కాగితం మనమే రాయాలి. సెలవులకు పోయినప్పుడు అడగండి. ఊరి పేరు, సంవత్సరం తప్పకుండా వేయండి.